రోడ్డెక్కిన బోయా

“సార్, ప్రవాహం కొలవడానికి సముద్రంలో తేలేలా వదిలిన మన బోయా మళ్ళీ సిగ్నల్ పంపింది! గంటకు నలభై కిలోమీటర్లు! ఇంత జోరు ప్రవాహం ఎక్కడా లేదు!” అంటూ ఉరుక్కుంటూ వచ్చింది పరిశోధక విద్యార్థిని.

గైడు మ్యాప్ చూసి పకపకా నవ్వాడు. “ప్రవాహం కాదమ్మా, హైవే! పొద్దున సముద్రం వేడెక్కి ప్రవాహం దారి మార్చిందన్నావు. ఇప్పుడు ఏకంగా రోడ్డెక్కించావు!”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అంతలో ఫోన్ మోగింది. స్పీకర్లో ఎవరో జాలరి గొంతు.

“అమ్మా, డబ్బా మీద మీ నంబరుంది. ఆటోలో తెస్తున్నా.”

“ఎక్కడ దొరికిందన్నా?”

“లైట్‌హౌస్ కింద, రాళ్ళ సందున ఇరుక్కుంది.”

గైడు నవ్వు ఆగిపోయింది. ప్రవాహం లైట్‌హౌస్ వైపే మళ్ళిందని ఆమె గీసిన బాణాన్ని పొద్దున ఎర్రసిరాతో కొట్టేసింది ఆయనే.

“ఆ బాణం మళ్ళీ గీయమ్మా,” అన్నాడు మెల్లగా.

“ఎందుకు సార్? మీ ఎర్రగీత కింద అలాగే ఉంది.”