దన్సు చెప్పని మనిషి

నా పొలం మింగినవాడు క్వాక్ పిల్సు. అదే మనిషి ఇవాళ బదుక్ రాళ్ళాట పలక ముందు ఓ రిటైరైన బస్సు డ్రైవరుకు ఓనమాలు నేర్పుతున్నాడు.

"రాయికి నాలుగు పక్కలా నాలుగు ఊపిర్లు, పెద్దాయనా. నాలుగూ మూస్తే రాయి చచ్చినట్టే; మూడు మూసేశాక 'దన్సు' అని హెచ్చరించాలి. అది మర్యాద."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"మర్యాదట! నా పొలానికి మూడు పక్కలా కొన్నావు. నాలుగో పక్క దారి మూసి, నాచేత అమ్మించావు. ముందు ఒక్కసారైనా దన్సు అన్నావా అన్నా?"

పిల్సు తలెత్తలేదు.

"అది కొత్తవాళ్ళకేరా. ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నావు, నీకూ చెప్పాలా?"

 మూడో పక్క అమ్మకానికి, వాడు పోసిన సోజు తాగి సాక్షి ముద్ర వేసింది నేనే.

పోయింది ఆరువందల పన్నెండు ప్యాంగ్‌ల, అంటే అరెకరం వరి పొలం.