పక్కన ఎగిరేవాడు

"ముందు మిర్తో ఎగురుతుంది. ఆర్గిరిస్, నువ్వు ఆమె పక్కన," అన్నాడు కెప్టెన్ కాలివాస్.

ఆర్గిరిస్ మొహం మాడిపోయింది. "మళ్ళీ నేనే వెంబడించాలా సార్?"

"అదీ నేర్చుకోవాల్సిన విద్యే. ఇద్దరూ వినండి. టైగెటోస్ కొండలు దాటకూడదు. అవతల వేరే విమానాలు తిరుగుతాయి."

గ్రీసులోని కలమాటా వైమానిక స్థావరంలో వాళ్ళ పైలట్ శిక్షణ ముగింపుకొచ్చింది. ఈసారి యుద్ధవిమానానికి ఒక్కరినే తీసుకుంటారని విద్యార్థుల్లో గుసగుసలు.

విమానాల వైపు నడుస్తూ మిర్తో అతని భుజం తట్టింది. "ఏంట్రా, చేదు పచ్చి ఆలివ్ కాయ నమిలినట్టు పెట్టావ్ మొహం?"

"నీకేం తల్లీ! కెప్టెన్‌గారి ముద్దుల శిష్యురాలివి."

"ఆయన తిట్లు ఒక్కపూట తిని చూడు, తెలుస్తుంది," అని నవ్వుతూ హెల్మెట్ పెట్టుకుంది. ఆ నవ్వుకి అతని ఒళ్ళు మండింది.

మిర్తో వెనక సీట్లో కెప్టెన్ కూర్చున్నాడు. రెండో విమానంలో ఆర్గిరిస్ ఒక్కడే. పైకి లేచాక ఆమె ప్రతి మలుపూ గీత గీసినట్టు తిప్పుతోంది. ఆమె రెక్కను అంటిపెట్టుకుని ఎగురుతూ అతను పళ్ళు నూరాడు. ఒక్క తప్పు చెయ్యవే! ఒక్కటంటే ఒక్కటి!

చేసింది. వెనక్కి తిరగాల్సిన చోట తిరగలేదు. నేరుగా టైగెటోస్ వైపు పోతోంది.

ఆర్గిరిస్ బొటనవేలు రేడియో మీట మీదికి వెళ్ళింది. 'మిర్తో, హద్దు' అంటే చాలు. కానీ అనలేదు. కెప్టెన్ వెనకే ఉన్నాడుగా, కళ్ళారా చూడనీ! టైగెటోస్ బోడి శిఖరం రెక్కల కింద నుంచి వెనక్కి జారిపోయింది. అతని గుండె గంతులేసింది.

దిగాక ముగ్గురూ గదిలో కూర్చున్నారు. మిర్తో తల దించుకుంది.

"హద్దు దాటడం చూశావా?" అడిగాడు కెప్టెన్.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నాడు ఆర్గిరిస్. "దాటకముందే చూశాను సార్. ముందు ఎగిరేవాళ్ళు అలా ఒళ్ళు మరిస్తే ఎలా సార్?"

"మరి రేడియోలో చెప్పలేదేం?"

ఆర్గిరిస్ తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"దాటమన్నది నేనే," అన్నాడు కెప్టెన్. "అవతల దారి ముందే ఖాళీ చేయించాం. ముందువాళ్ళు తప్పు చేస్తే పక్కవాడు నోరు తెరుస్తాడా లేదా అని చూడాలనుకున్నాను."

"అంటే... యుద్ధవిమానం మిర్తోకే ఇస్తున్నారా సార్?"

"ఆమె ఎంపిక పోయిన వారమే అయిపోయిందయ్యా. ఇవాళ పరీక్ష రెండో చోటు కోసం."

"రెండో చోటుందా?"

కెప్టెన్ లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఉండేది. తన పక్కన ఎవరు ఎగరాలని అడిగితే, ఈ పిల్ల నీ పేరే చెప్పింది."