పడేదాన్ని పట్టొద్దు

నారాయణగూడ ల్యాబులో బల్ల అంచు నుంచి వేడి ఫ్లాస్కు జారింది. కెమిస్టు నవనీత రెండు చేతులూ చాపి, నేలకు తాకకముందే పట్టేసింది.

"పిచ్చి లేసిందా అక్కా! చేతులు కాలుతయి!" జూనియర్ ప్రేమ ఫ్లాస్కు దింపించి, నల్లా తిప్పింది. "పడే గాజును పట్టొద్దు, చేతులెత్తి ఎన్కకు జరగాలె అని మొదటిరోజే నాకు నేర్పినవ్ గద?"

నీళ్ల కింద అరచేతులు ఎర్రగా ఉబ్బుతున్నాయి. నవనీత వాటిని ఎవరివో అన్నట్టు చూస్తోంది.

"మండుతలేదా?"

"లేదు."

ప్రేమ మాట మార్చింది. "నిన్న క్రికెట్ సెలక్షన్ల ఏమైందక్కా? టీముల తీసుకున్నరా?"

"ఆఖరి క్యాచ్ సక్కగ నా చేతులల్లకే వచ్చింది."

"పట్టినవా మరి?"

నవనీత నల్లా కట్టేసింది.

"చేతులెత్తి ఎన్కకు జరిగిన."