కట్ అంటే ఆగే బండి

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక కూడా ఆటోలేనా అని మా ఆవిడ మైత్రేయి సతాయింపు. అందుకే చీకటి పడ్డాక, ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, కార్ల బ్రోకరు భిక్షం అమ్మకానికి తెచ్చిన పాత కారు నడిపి చూస్తున్నాను.

ఉన్నట్టుండి వీధి దీపాలు ఆరిపోయాయి.

"కరెంటు కట్టయింది" అన్నాను. ఇంజను ఆగిపోయింది.

"బ్యాటరీ జర వీకుంది సార్. ఫికర్ జెయ్యకుండ్రి, మార్పిస్త" అన్నాడు పక్క సీట్లోంచి భిక్షం.

తాళం తిప్పితే మళ్లీ కదిలింది. ఇంతలో మైత్రేయి ఫోను చేసింది. మాట సగంలో ఉండగానే లైను పోయింది.

"కాల్ కట్టయింది" అన్నాను. ఇంజను మళ్లీ ఆగింది.

"ఈ బండి ఇదివరకు ఎక్కడ నడిచింది?"

"షూటింగులల్ల సార్." భిక్షం నా ముఖం చూడలేదు.

మూడోసారి కదిలాక, కావాలనే మెల్లగా "కట్" అన్నాను. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఖాళీగా ఉన్న వెనక సీట్లో, షాట్ ముగించిన నటుడిలా ఎవరో హాయిగా ఊపిరి వదిలారు.

తాళం భిక్షం చేతిలో పెట్టి దిగిపోయాను. అతనూ దిగాడు. ఇద్దరం పల్లంలోకి గబగబా నడిచాం. మైత్రేయికి ఫోను చేసి, "ఈ బండి మనకొద్దు. నెక్స్ట్ యాక్షన్ ఏంటో రేపు చూద్దాం" అన్నాను, ఆఫీసు అలవాటు కొద్దీ.

వెనక ఇంజను స్టార్టయింది. తాళం భిక్షం పిడికిట్లోనే ఉంది. అదృష్టం, కారు మా వైపు రాలేదు. గుట్ట ఎక్కి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"పోనియ్యి సార్, పీడ పోయింది" అన్నాడు భిక్షం.

హమ్మయ్య అని ఇద్దరం ఊపిరి వదిలాం. మా మధ్యలోంచి మూడో ఊపిరి వినిపించింది.