పైన ఒక చెయ్యి

నాటక కంపెనీ వ్యానులో హజరత్ వలి మైకు సెట్టు కింద రబ్బరు ట్యూబు ముక్కలు పరిచి, చివరి బోల్టు బిగించాడు.

"హులిగెమ్మక్కా! గుంతల్లో నీ పండ్లు రాలతాయేమో గానీ, ఇది కదలదు."

గొంతు పోయి వేషాలు ఆగినప్పటి నుంచి, దారిలో లోపలి గాజు బల్బులు పగలకుండా ఆ పాతకాలం సెట్టును ఒళ్ళో పెట్టుకోవడమే హులిగెమ్మ పని.

ఆమె సెట్టును ఊపి చూసింది. బట్టల మూట అందుకుంది.

"యాడికక్కా?"

"నాకింక ఈడ ఏం పనుండాదప్పా? పొమ్మనకముందే దిగిపోతా."

బయటి నుంచి ఓనరు దేవేంద్రప్ప అరిచాడు. "ఏమప్పా వలీ, గట్టిగుండాదా?"

వలి చెమట తుడుచుకున్నాడు.

"గట్టిగానే ఉండాది సామీ. లోపల గాజు బల్బులు కదా, పైన ఒక చెయ్యి ఉండాల్సిందే."

"థూ! అయితే ఆ ముసిల్దాన్నే కూర్చోమను. ఎర్రగుంట్లకు పొద్దుపోతాది."

హులిగెమ్మ మూట దించి, కదలని సెట్టును రెండు చేతులా పట్టుకుంది.