మూడో సాఫ్ట్‌వేర్

వాషింగ్ మెషిన్ల కంపెనీలో మాన్యువల్స్ రాసే కోడలు, లింకులు నొక్కుతూ చదివే కొత్త మాన్యువల్‌ని మూడు సాఫ్ట్‌వేర్లలో తయారుచేసింది. ఏది కొనాలో మధ్యాహ్నంలోగా ఆఫీసుకు చెప్పాలి. ఇంతలో ఇంట్లో ఉన్న ఆ కంపెనీ మెషిన్ తలుపే బిగుసుకుపోయింది. లోపల మామగారి చొక్కాలు. ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుందని ట్యాబ్ అత్తగారి చేతిలో పెట్టింది.

మొదటిది ఆవిణ్ణి గానుగెద్దులా తిప్పి తిప్పి మళ్ళీ మొదటి పేజీకే చేర్చింది. రెండోది అసలు పేజీయే లేదంది.

మూడోది ఇచ్చిన ఐదు నిమిషాలకే చొక్కాలు తీగ మీద ఆరుతున్నాయి. కోడలు వెంటనే "మూడోదే కొందాం" అని మేనేజరుకు మెయిల్ కొట్టింది.

"ఏ లింకు నొక్కారత్తయ్యా?"

"లింకులతో నావల్ల కాలేదమ్మా. ఊగకుండా మెషిన్ కాలి కింద దాంతో వచ్చిన పుస్తకమే పెట్టావుగా, అది తీసి చదివాను. ఎవరు రాశారో గానీ, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశారు."

అది రాసింది కోడలే. పుస్తకానికంటిన దుమ్ము దులిపి, మేనేజరుకు ఇంకో మెయిల్ మొదలుపెట్టింది.