నల్లపెట్ట బడి

పెరట్లో జామచెట్టు మీద గూడు కట్టి పిగిలిపిట్ట రెండు పిల్లల్ని పెంచుతోంది. ఆ పెంపకం చూసి వంకలు పెట్టడమే కింద తిరిగే నల్లకోడికి కాలక్షేపం.

“పది రోజులైనా ఇంకా నోటికందించడమేనా అమ్మాయ్? నా పిల్లలు గుడ్డులోంచి వచ్చిన మర్నాడే మట్టి కెలికాయి,” అని దెప్పేది.

“రెక్కలు రానీ పిన్నీ,” అనేది పిట్ట.

ఒక పొద్దున పెద్దపిల్ల జారి కోడి ముందు పడింది. కోడికి కావలసిందీ అదే. తల్లి పైనుంచి ఎంత గోల పెట్టినా వినకుండా, మధ్యాహ్నం దాకా దానిచేత మట్టి కెలికించింది. పిల్లకి ఒక్క పురుగూ దొరకలేదు.

అంతలో గోడ మీంచి పిల్లి దూకింది. కోడి గంప కిందికి దూరింది. పిల్ల బెదిరిపోయి, రెక్కలు టపటపలాడిస్తూ ఎగిరి కొమ్మెక్కింది.

పిల్లి వెళ్లిపోయాక కోడి గంప కింద నుంచి తల బయటపెట్టింది.

“చూశావా అమ్మాయ్, పది రోజుల్లో నీకు చేతకానిది ఒక్క పూటలో నేర్పేశాను. రేపు రెండోదాన్ని పంపు.”